యాప్ చూపించని బ్యాండ్లు: ఏ దేశంలో ఏ మూల ఏం దొరికిందో ఇక్కడ చెప్పండి

రాత్రిషిఫ్ట్ (హైదరాబాద్) | సోమవారం, ఉదయం 5:10

అందరికీ హాయ్, ఏడాది నుంచి చదువుతున్నాను కానీ థ్రెడ్ పెట్టడం ఇదే ఫస్ట్ టైమ్. నాది నైట్ షిఫ్ట్, తెల్లారి నాలుగింటికి క్యాబ్‌లో ఇంటికొస్తూ గంటసేపు పాటలు వింటాను, రోజు మొత్తంలో నాకంటూ మిగిలేది ఆ గంటే. కానీ యాప్ అవే నలభై పాటలు తిప్పి తిప్పి వేస్తుంది, కొత్తది ఇమ్మంటే అవే నలభై పాటలకి చెల్లెళ్లలాంటివి తెచ్చి పెడుతుంది.

పోయిన వారం టీమ్‌లో ఒకమ్మాయి ప్లేలిస్టులోంచి ది చిల్స్ అనే బ్యాండ్ పాట పడింది, పేరు పింక్ ఫ్రాస్ట్. మొదట కాస్త హుషారుగా గిటార్ మొదలైంది, సరే మామూలు పాటే అనుకునేలోపు ఒక్కసారిగా చీకటి గదిలోకి దిగినట్టు మారిపోయింది. ఇంటికొచ్చేలోపు ఆ ఒక్క పాటే వింటూ వచ్చాను, ఓఆర్ఆర్ ఎప్పుడు దాటామో తెలీలేదు. చూస్తే 1984 పాట, న్యూజిలాండ్ వాళ్లట!!

నాకు కావలసినవి ఇలాంటివి. చిన్న బ్యాండ్లు, గిటార్ పాప్, ట్యూన్ బాగుండాలి, అరుపులు వద్దు, ఏ దేశమైనా పర్లేదు. దయచేసి పేర్ల లిస్టు మాత్రం పెట్టకండి, మీకెలా దొరికింది, ముందు ఏ పాట వినాలి అనేది చెప్పండి.

—

మస్తు_మెలొడీ (వరంగల్) | సోమవారం, ఉదయం 7:42

ఫాలోయింగ్. నేను కూడా రాస్త, సాయంత్రం కూసుంటా.

—

ఓటాగో_చలి (డునీడిన్) | సోమవారం, ఉదయం 8:05

అక్కా నేను చిల్స్ వాళ్ల ఊళ్లోనే ఉన్నాను!! ఓటాగో యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నా. డునీడిన్ అంటే సౌత్ ఐలాండ్‌లో కిందెక్కడో ఉండే చిన్న ఊరు, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నారు, పేరే ఎడిన్‌బరోకి పాత గేలిక్ పేరు. చలికాలం అయిదింటికే పొద్దు గుంకుతుంది, స్టూడెంట్ ఇళ్లలో గోడల్లోంచి చలి వస్తుంది. ఇక్కడ ఒక చలికాలం గడిపాక పింక్ ఫ్రాస్ట్ నాకు వేరేలా వినపడింది.

ఆ పాట వెనక సంగతి చెప్తాను. డ్రమ్స్ వాయించిన అబ్బాయి మార్టిన్ బుల్. రికార్డింగ్ 1982లో అయింది, పాట బయటికి రాకముందే 1983లో లుకేమియాతో పోయాడు. పోతూ తన లెదర్ జాకెట్ పాటలు రాసే మార్టిన్ ఫిలిప్స్‌కి ఇచ్చి వెళ్లాడు. ఫిలిప్స్ తర్వాత ఆ జాకెట్ మీదే ఒక పాట కట్టాడు, ఐ లవ్ మై లెదర్ జాకెట్, 1986. పేరు చూస్తే ఫ్యాషన్ పాటలా ఉంటుంది, విషయం తెలిశాక అలా వినలేం. ఫిలిప్స్ కూడా 2024 జూలైలో ఇదే ఊళ్లో పోయాడు, 61 ఏళ్లు.

మీరు అక్కడితో ఆగకుండా చిల్స్ వాళ్ల లేబుల్, అంటే వాళ్ల రికార్డులు వేసిన కంపెనీ, పట్టుకుని వెనక్కి వెళ్లండి. ఫ్లయింగ్ నన్ రికార్డ్స్, 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపులో పనిచేసే రోజర్ షెపర్డ్ అనే ఆయన మొదలుపెట్టాడు. వాళ్ల తొలి రోజుల్లోదే ది క్లీన్ అనే డునీడిన్ బ్యాండ్ సింగిల్ టాలీ హో. యాభై డాలర్ల ఖర్చుతో రికార్డ్ చేశారు దాన్ని, అది న్యూజిలాండ్ చార్టులో 19వ స్థానానికి వెళ్లింది. అందులో ఆ జోరీగలా మోగే ఆర్గన్ వాయించింది ఎవరనుకున్నారు, చిల్స్ ఫిలిప్సే. అంటే అందరూ అందరి బ్యాండ్లలో ఉన్నారు. క్రిస్ నాక్స్ అనే ఆయన దగ్గర ఒక నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్ ఉండేది, స్టూడియోకి డబ్బుల్లేక దాని మీదే సగం ఊరి పాటలు రికార్డయ్యాయి. 1982లో డునీడిన్ డబుల్ అని ఒక రికార్డు వచ్చింది, నాలుగు బ్యాండ్లకి తలా ఒక సైడు: చిల్స్, స్నీకీ ఫీలింగ్స్, స్టోన్స్, వెర్లెయిన్స్. దాని నుంచి మొదలుపెట్టండి. తర్వాత ది బ్యాట్స్ వాళ్ల డాడీస్ హైవే, 1987. బ్యాట్స్ పెట్టిన రాబర్ట్ స్కాట్ ఎవరంటే, క్లీన్‌లో బేస్ వాయించినాయనే.

నాకెలా దొరికిందంటే మా యూనివర్సిటీ స్టూడెంట్ రేడియో, రేడియో వన్ 91 ఎఫ్ఎమ్. వంటింట్లో ఎవరో పెట్టి వదిలేసేవాళ్లు. మీ తెల్లవారుజాము నాలుగంటే మాకు పొద్దున పదిన్నరో పదకొండున్నరో, ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే క్యాబ్‌లో మీకు లైవే.

—

రాత్రిషిఫ్ట్ | సోమవారం, సాయంత్రం 6:20

జాకెట్ సంగతి చదివి ఇప్పుడే ఆ పాట విన్నాను, ఏం రాయాలో తెలియట్లేదు తమ్ముడూ. థాంక్యూ. రేడియో కూడా పెట్టుకుంటాను ఇవాళ.

—

కడప_కీబోర్డ్ (కడప) | సోమవారం, సాయంత్రం 7:15

ఒక మాట అడుగుతా, ఎవురూ కోపం చేసుకోవద్దండి. ఇంగ్లీషంటే ఏదో అర్థమైతాది, ఇప్పుడు మీరంతా కొరియా, జపాన్, స్పెయిన్ అని మొదలుపెడ్తారు. మాట అర్థం కాకుండా పాట ఎట్ల మనదైతాది? మనకు పాటంటే సగం సాహిత్యమే కదప్పా. నేను కీబోర్డ్ వాయిస్తా, ట్యూన్ నచ్చుతాది, కానీ రెండు రోజులకే మర్సిపోతా. మాట ఉంటే మాత్రం మనసులో నిలుస్తాది.

—

కాసెట్_డాక్టర్ (విజయవాడ) | సోమవారం, రాత్రి 9:30

కడప గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒకసారి తిరువయ్యూరు గుర్తు తెచ్చుకోండి. ఆరాధన రోజు కావేరి ఒడ్డున వందలమంది కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు, వాళ్లలో ఎక్కువమందికి తెలుగు రాదు. రెండు వందల ఏళ్లుగా తమిళులు మన భాషని అర్థం పూర్తిగా తెలియకుండానే గుండెల్లో పెట్టుకుని పాడుతున్నారు, మనకది గొప్పగా ఉంటుంది. మరి అదే పని మనం ఒక కొరియా పాటకి ఎందుకు చేయకూడదు?

రాత్రిషిఫ్ట్ అమ్మా, మీకు నా సంగతి ఒకటి. 1993 నుంచి రెండేళ్లు నేను బ్రిస్టల్‌లో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా ఉన్నాను. డ్యూటీ, నిద్ర, మళ్లీ డ్యూటీ. ఆ ఊళ్లోనే, నేను రోజూ బస్సులో తిరిగే ఏరియాలోనే, క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్ అనే ఇద్దరు ఒక బేస్‌మెంట్ ఫ్లాట్‌లో కూర్చుని సారా రికార్డ్స్ అనే లేబుల్ నడుపుతున్నారని నాకు తెలీదు. ఇండియా తిరిగొచ్చిన చాలా ఏళ్లకి ఒక స్నేహితుడి దగ్గర ది ఫీల్డ్ మైస్ పాట ఎమ్మాస్ హౌస్ విని, ఎవరు వీళ్లు అని వెతికితే అడ్రసు బ్రిస్టల్ అని తేలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

వాళ్లు 1987లో మొదలుపెట్టారు, మొదటి సింగిల్ సీ అర్చిన్స్ వాళ్ల ప్రిస్టీన్ క్రిస్టీన్, నంబరు సారా 1. అలా ఒక్కొక్కటే నంబరు వేసుకుంటూ 1995 ఆగస్టులో సారా 100 వేసి అక్కడితో ఆపేశారు. బాగా నడుస్తున్నదాన్ని, వంద కాగానే, చేతులారా ముగించారు. రేవులో థెక్లా అనే పడవ మీద చివరి పార్టీ చేసుకున్నారు. అప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను.

వాళ్ల నియమాలు చూడండి. ఒక పాట సింగిల్‌గా వస్తే దాన్నే మళ్లీ ఆల్బమ్‌లో పెట్టి అదే మనిషి దగ్గర రెండోసారి డబ్బు తీసుకోకూడదు. కంపైలేషన్లకి పేర్లు బ్రిస్టల్ చుట్టుపక్కల స్థలాల పేర్లు: ఎయిర్ బెలూన్ రోడ్, టెంపుల్ క్లౌడ్, జెయిల్ ఫెర్రీ బ్రిడ్జ్. ఆ పేర్లు చదువుతుంటే నా బస్సు రూటు కళ్ల ముందుకి వస్తుంది. యాభయ్యో నంబరైతే పాటే కాదు, అట్ట మీద ఆడుకునే బోర్డ్ గేమ్.

ముందు ఎమ్మాస్ హౌస్ వినండి, తర్వాత ఫీల్డ్ మైస్‌దే సెన్సిటివ్. అక్కడినుంచి గ్లాస్గో వాళ్లు ది ఆర్కిడ్స్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు హెవెన్లీ. హెవెన్లీలో పాడే అమీలియా ఫ్లెచర్ ఎకనామిస్టు కూడా, తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఫెయిర్ ట్రేడింగ్ ఆఫీసులో చీఫ్ ఎకనామిస్టుగా చేసింది. ఉద్యోగం చేసుకుంటూనే పాటలు కట్టడం ఆవిడ ఎప్పుడూ ఆపలేదు, షిఫ్టుల్లో ఉండేవాళ్లకి ఈ మాట కావాలని చెప్తున్నాను.

—

డాల్ఫిన్స్‌నోస్ (విశాఖ) | సోమవారం, రాత్రి 10:11

డాక్టర్ గారూ ఎంత బాగా రాశారండీ. ఇలాంటివి మీ దగ్గర ఇంకా ఉంటే రాయండి ప్లీజ్.

నా వంతు: సే సూ మీ. కొరియా అనగానే సియోల్ అనుకుంటారు, వీళ్లది బూసాన్. పోర్టు, బీచ్, కొండ మీద ఇళ్లు, చేపల మార్కెట్టు, అచ్చం మా వైజాగే. 2012లో మొదలుపెట్టారు. గిటార్ వాయించే కిమ్ బ్యోంగ్యు వాళ్లు ఒక టీ షాపులో కూర్చుని ఉంటే చోయ్ సూమీ అనే అమ్మాయి మాట్లాడటం వినపడిందట, ఆ మాట్లాడే గొంతు విని మా బ్యాండులో పాడతావా అని అడిగారట. వాళ్ల గిటార్ ఎలా ఉంటుందంటే ఆరున్నరకి ఆర్‌కే బీచ్‌లో అలలు వెనక్కి పోతున్నప్పుడు ఇసక మీద నీళ్లు మెరుస్తాయి చూడండి, ఆ మెరుపు.

2016లో వాళ్ల డ్రమ్మర్ సెమిన్ ప్రమాదంలో బాగా గాయపడ్డాడు, మళ్లీ వాయించలేకపోయాడు. 2018లో వాళ్లు వేసిన ఆల్బమ్ పేరు వేర్ వుయ్ వర్ టుగెదర్, మనం కలిసి ఉన్న చోట అని. 2019లో సెమిన్ పోయాడు. ఆ ఆల్బమ్‌లో ఓల్డ్ టౌన్ అనే పాట ఉంది, అందరూ ఊరొదిలి వెళ్లిపోతున్నారు నేనిక్కడే ఉన్నాను అన్నట్టు ఉంటుంది, పైకి మాత్రం హాయిగా ఊపుగా. మా బ్యాచ్‌లో అరవైమందిలో వైజాగ్‌లో మిగిలింది ఐదుగురం. నాకు ఆ పాట ఎందుకు పట్టుకుందో వేరే చెప్పక్కర్లేదు కదా. ఎల్టన్ జాన్ కూడా తన రేడియో షోలో వేశాడు దాన్ని.

కడప గారికి: ఇది ఇంగ్లీషులోనే ఉంటుందండీ, ముందు దీంతో మొదలెట్టండి.

—

మస్తు_మెలొడీ | సోమవారం, రాత్రి 11:48

ఆలస్యమైంది సారీ. నాది అర్జెంటీనా.

నాకు ఫుట్‌బాల్ పిచ్చి, అక్కడి లీగ్ మ్యాచులు రాత్రంత మేల్కొని చూస్తుంటి, ఎస్తూదియాంతెస్ అని లా ప్లాటా టీమ్ నాకు ఫేవరెట్. గట్లనే లా ప్లాటా గురించి వెతుక్కుంట పోతుంటే ఒక బ్యాండ్ దొరికింది, పేరు ఎల్ మాతో ఆ ఉన్ పోలిసియా మోతోరిసాదో. అంటే "వాడు మోటార్‌సైకిల్ పోలీసుని చంపిండు". ఇదేందో మెటల్ బ్యాండ్ అనుకున్న, హెడ్‌ఫోన్ సౌండ్ తగ్గించి మరీ పెట్టిన. తీర చూస్తే గింత మెత్తటి పాటలు. పాడేటోడు పాడుతున్నట్టే ఉండడు, పక్కన కూసొని చెప్తున్నట్టు ఉంటది, నాలుగే నాలుగు లైన్లు తిప్పి తిప్పి అంటడు, వెనక గిటార్లు మెల్లగ లేస్తయ్, పాట అయిపోయేసరికి ఛాతీల ఏదో నిండినట్టైతది.

2003ల మొదలుపెట్టిన్రు. లాప్ట్రా అని దోస్తులంత కలిసి పెట్టుకున్న లేబుల్. తర్వాత మూడు ఈపీలు, అంటే నాలుగైదు పాటల చిన్న రికార్డులు, చేసిన్రు, ఒకటి పుట్టుక, ఒకటి బతుకు, ఒకటి చావు మీద, ఆఖరిది 2008ల వచ్చిన దియా దె లోస్ ముయెర్తోస్. 2012ల లా దినాస్తియా స్కోర్పియో అనే ఆల్బమ్, అండ్ల మాస్ ఓ మేనోస్ బియెన్ అని పాట ఉంటది. ఆ మాటకి అర్థం "ఏదో, పర్వాలేదు, నడుస్తుంది". మనల్ని ఎవలన్న ఎట్లున్నవ్ అంటే మనం చెప్పే జవాబే గదా అది. గా రెండు ముక్కల మీద పాట కట్టిండు. 2017ల లా సింతెసిస్ ఓకోనోర్, అండ్ల ఎల్ తెసోరో ముందు వినున్రి.

అదే లేబుల్ మీద లాస్ లిగాస్ మెనోరెస్ అని బ్యూనస్ ఏరిస్ బ్యాండ్ ఉంది, ఆడపిల్ల పాడుతది, 2014 ఆల్బమ్. రాత్రిషిఫ్ట్ అక్కా నీకు అది పక్కా నచ్చుతది.

ఇగ ఎట్ల వెతకాలంటే, బ్యాండ్లు తమ పాటలు తామే అమ్ముకునే సైటు ఉంది గదా, బ్యాండ్‌క్యాంప్, అండ్ల నేను చేసే పద్ధతి చెప్తా. ఒక ఆల్బమ్ నచ్చిందనుకో, ఆ పేజీల కొన్నోళ్ల చిన్న చిన్న బొమ్మలు ఉంటయ్. గా బొమ్మ నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్ని కనిపిస్తయ్. నీకు నచ్చిందే కొన్నడంటే ఆ మనిషి చెవి నీ చెవి ఒకటే అన్నట్టు, వాడు ఇంకేం కొన్నడో చూడు. నాకు గట్ల సగం దొరికినయ్, ఆ మనుషులెవరో నాకు తెల్వది, వాళ్లకి నేను తెల్వది. ఇంకోటి, పేజీ కింద ట్యాగులల్ల ఊరి పేరు ఉంటది, అది నొక్కితే ఆ ఊరోళ్లందరు వస్తరు. దేశం పేరు కాదు, ఊరి పేరు నొక్కాలె.

—

జకార్తా_జాజి (బెంగళూరు) | మంగళవారం, ఉదయం 9:02

నేను నాలుగేళ్లు జకార్తాలో ఉన్నాను మా వారి ఉద్యోగం వల్ల, ఇండోనేషియా గురించి ఎవరూ రాయకపోతే ఎలా అని వచ్చాను.

బాండుంగ్ పేరు మనందరం సోషల్ పుస్తకంలో చదివిందే, 1955 సదస్సు, నెహ్రూ గారు వెళ్లారు అని ఒక మార్కు ప్రశ్న. అక్కడికి వెళ్తే అది కొండల మధ్య చల్లటి ఊరు, నిండా కాలేజీలు, బట్టల షాపులు, సందుకో బ్యాండు. మోక్కా అనే బ్యాండ్ అక్కడిదే. 2002లో మై డైరీ అనే ఆల్బమ్ వేశారు, ఎఫ్ఎఫ్‌డబ్ల్యూడీ అని అదే ఊరి చిన్న లేబుల్ మీద. ఆరినా అనే అమ్మాయి పాడుతుంది, తనే ఫ్లూట్ వాయిస్తుంది, పాత స్వింగ్ పాటల్లాగా ఎగురుతూ ఉంటాయి. బట్టలు ఆరేస్తూ వినడానికి దీన్ని మించింది లేదు, నేను నాలుగేళ్లు అదే చేశాను.

వైట్ షూస్ అండ్ ద కపుల్స్ కంపెనీ అని ఇంకొకరు, 2002లో జకార్తా ఆర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిశారు. వాళ్ల దేశంలో డెబ్బైల నాటి సినిమా పాటల పద్ధతి పట్టుకుని కొత్త పాటలు కట్టారు. వింటుంటే మన పాత సినిమాల్లో పిక్నిక్ సీను గుర్తొస్తుంది.

కడప గారూ మీరన్న సాహిత్యం విషయానికి వస్తాను. కొన్ని బ్యాండ్లకి మాట తెలియకపోతే నిజంగానే నష్టం. ఎఫెక్ రుమా కాచా అని ఒకరున్నారు, పేరుకి అర్థం గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్. వాళ్ల పాట ది ఉదారా, అంటే "గాల్లో". మెల్లగా అందంగా ఉంటుంది, నేను ప్రేమపాట అనుకుని ఆరు నెలలు విన్నాను. మా పక్కింటావిడ ఒకరోజు చెప్పింది, అది మునీర్ గురించి అని. మునీర్ సయీద్ తాలిబ్ మానవ హక్కుల లాయరు, 2004 సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే విమానంలో ఆర్సెనిక్ విషం పెట్టి చంపారు. ప్రాణం గాల్లోనే పోయింది, అందుకే ఆ పేరు. ఆ రోజు నుంచి ఆ పాట వేరే పని చేసుకుంటూ వినలేదు నేను.

—

కడప_కీబోర్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

జాజి గారూ, దండం పెట్టినా మీకు. ది ఉదారా ఇప్పుడే విన్నా, అర్థం తెలిసి విన్నా కాబట్టి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. నా మాట అదే, అర్థం తెలిస్తే పాట ఇంకో పాటైతాది. డాక్టర్ గారు చెప్పిన తిరువయ్యూరు మాట కూడా ఒప్పుకుంటా, కానీ వాళ్లు అర్థం ఎవురినైనా అడిగి తెలుసుకుంటారు కదండీ గురువుల్ని. మనం కూడా అడిగే అలవాటు చేసుకుంటే సరి. ఇక్కడ ప్రతి పాట పెట్టేవాళ్లు రెండు ముక్కలు అర్థం కూడా రాయండప్పా.

—

తైపే_తెమ్మెర (తైవాన్) | మంగళవారం, సాయంత్రం 4:30

తైవాన్ నుంచి ఒకటి, మరీ తెలియని వాళ్లు కాదు కానీ మనవాళ్లు వినరు. సన్‌సెట్ రోలర్‌కోస్టర్. 2009లో పెట్టారు, 2011లో మొదటి ఆల్బమ్ వేసి కొన్నేళ్లు ఆగిపోయారు, అందరూ అయిపోయిందనుకున్నాక 2016లో జింజి కిక్కో అనే ఈపీతో వచ్చారు. మై జింజి అనే పాట వినండి, సాక్సోఫోన్ వచ్చేదాకా ఆగండి, మధ్యలో మార్చకండి. ఇక్కడ వాన పడుతున్న రాత్రి స్కూటర్ల లైట్లు రోడ్డు మీద కరిగిపోయినట్టు ఉంటాయి, ఆ పాట అదే.

జపాన్ ల్యాంప్ కూడా. ముగ్గురు, 2000లో మొదలు, ఇరవై ఏళ్లు బయట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, వాళ్లు పద్ధతి మార్చుకోలేదు, బ్రెజిల్ బోసా నోవా పద్ధతి గిటార్ తీగలు, ఆడ మగ గొంతులు గుసగుసగా. ఇప్పుడు ప్రపంచమంతా కాలేజీ పిల్లలు వింటున్నారు. ఇది వీడియోల కింద మ్యూజిక్‌గా పాకింది, అంటే యాప్ వల్లే దొరికింది. కాబట్టి యాప్‌ని పూర్తిగా తిట్టలేం.

—

మస్తు_మెలొడీ | మంగళవారం, సాయంత్రం 5:05

అన్నా, యాప్‌ల దొరకదు అంటలేను. కానీ అండ్ల పాట దొరుకుతది, మనుషులు దొరకరు. ల్యాంప్ వినేటోళ్లల్ల ఎంతమందికి ఆ ముగ్గురి పేర్లు తెలుసు? క్లీన్‌ల ఉన్నోడే బ్యాట్స్ పెట్టిండు, చిల్స్ అతనే క్లీన్ పాటల వాయించిండు, గీ చుట్టరికం ఒకలు చెప్తెనే తెలుస్తది.

—

తైపే_తెమ్మెర | మంగళవారం, సాయంత్రం 5:22

అది ఒప్పుకుంటాను బ్రో.

—

పూలతోట_22 | మంగళవారం, సాయంత్రం 6:00

మన ఇండియా వాళ్లని మర్చిపోయారు అందరూ. ఢిల్లీ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ, 2019లో బిస్మిల్లా అనే ఆల్బమ్. కోల్‌కతా పరేఖ్ అండ్ సింగ్, రంగుల సూట్లు వేసుకుని చేసే వీడియోలు భలే ఉంటాయి, ఓషన్ ఆల్బమ్ వినండి. చెన్నై ది ఎఫ్16స్. తెలుగులో మన చౌరస్తా వాళ్ల ఊరెళ్ళిపోతా మామ అయితే తెలియనివాళ్లు లేరనుకుంటా. ఇంతకీ తెలుగులో ఇలాంటి గిటార్ పాప్ ఎందుకు తక్కువ అంటారు? సినిమా మింగేసిందా?

—

కాసెట్_డాక్టర్ | మంగళవారం, రాత్రి 8:50

సినిమా ఒక్కటే కారణం అనను. పాట కట్టగలిగినవాడికి డబ్బొచ్చే దారి సినిమా ఒక్కటే అయినప్పుడు అటు వెళ్తాడు, తప్పు లేదు. నాకు లోటుగా అనిపించేది సారా లాంటి లేబుల్, ఫ్లయింగ్ నన్ లాంటి లేబుల్. పదిమంది కుర్రాళ్ల పాటల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చి, నంబర్లు వేసి, ఒక ఊరి పేరు మీద నిలబెట్టే ఇద్దరు మనుషులు. టాలీ హో రికార్డింగ్‌కి అయిన యాభై డాలర్లు ఆ రోజుల్లోనూ పెద్ద మొత్తం కాదు. ఇండీ అంటే చాలామంది సౌండ్ అనుకుంటున్నారు, ఆ మాట ఇండిపెండెంట్‌లోంచి వచ్చింది, ఎవరి డబ్బు, ఎవరి నిర్ణయం అనేదే అసలు.

స్పెయిన్ గురించి ఎవరూ రాయలేదు, ఒక్కటి చెప్పి ఆపుతాను. శాన్ సెబాస్టియన్ ఊరి ఇద్దరు, బ్యాండ్ పేరు ఫామిలీ. 1993లో మాడ్రిడ్ ఎలెఫాంట్ రికార్డ్స్ మీద ఒకే ఒక్క ఆల్బమ్, ఉన్ సోప్లో ఎన్ ఎల్ కొరసోన్. ఆ పేరుకి అర్థం స్టెతస్కోప్‌లో వినపడే గుండె మర్మర్ శబ్దం, రోజూ వినేవాణ్ణి కాబట్టి నాకు ఆ పేరే చాలు. ఆ తర్వాత ఇంకొకటి చేయలేదు. ఒకే రికార్డు, ముప్పై ఏళ్లు దాటినా స్పెయిన్‌లో ఇప్పటికీ తలుచుకుంటున్నారు.

—

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 9:15

తెలుగు ఇండీ మీద వేరే థ్రెడ్ తెరిచాను, ఆ చర్చ అక్కడ. ఇక్కడ బయటి బ్యాండ్లు కొనసాగించండి. ఆల్బమ్‌లు ఉచితంగా దింపుకునే లింకులు పెట్టకండి దయచేసి.

—

ఓటాగో_చలి | బుధవారం, ఉదయం 6:30

లింకుల మాట వచ్చింది కాబట్టి, కొనాలనుకునేవాళ్లు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే చూసుకుని కొనండి. 2020 మార్చి 20న కోవిడ్ మొదట్లో పెట్టారు, ఆ రోజుల్లో కంపెనీ తన వాటా వదిలేస్తుంది. మామూలు రోజుల్లో డిజిటల్ మీద 15 శాతం, రికార్డులు టీషర్టుల లాంటి వాటి మీద 10 శాతం తీసుకుంటుంది. చాలా బ్యాండ్లు మనమే ధర పెట్టుకునేలా వదిలేస్తాయి, నేను స్టూడెంట్‌ని కాబట్టి నెలకి ఒక్కటే కొంటాను, కానీ కొంటాను.

—

చెరకుతోట (అనకాపల్లి) | బుధవారం, రాత్రి 10:40

నేను ఎక్కువ రాయను ఇక్కడ, కానీ ఈ థ్రెడ్ చదివి ఆగలేకపోయాను.

మాది అనకాపల్లి పక్క ఊరు, చెరకు, బెల్లం. పదో తరగతి దాకా సైకిలు మీద తోటల మధ్య నుంచే బడికెళ్లి వచ్చాను, రెండు పక్కలా చెరకు నెత్తి మీదకి ఎదిగిపోయి ఆకాశం ఒక గీతలా కనపడేది. ఉద్యోగానికి పూణే వెళ్లాక ఒకరోజు రూమ్మేట్ ఫోనులో ది గో-బిట్వీన్స్ అనే బ్యాండ్ పాట, క్యాటిల్ అండ్ కేన్. కేన్ అంటే చెరకని వెంటనే తట్టలేదు నాకు. తట్టాక కుర్చీలోంచి లేచాను.

వాళ్లది ఆస్ట్రేలియా బ్రిస్బేన్. యూనివర్సిటీలో కలిసిన ఇద్దరు స్నేహితులు, రాబర్ట్ ఫోర్స్టర్, గ్రాంట్ మెక్‌లెనన్, 1977లో మొదలుపెట్టారు. ఈ పాట మెక్‌లెనన్‌ది. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల మధ్య పెరిగిన పిల్లాడు బడి నుంచి ఇంటికి రావడం, రేకులూ చెక్కలతో కట్టిన ఇల్లు, నాన్న గడియారం పోగొట్టుకోవడం. అతనికి నాలుగేళ్లప్పుడే నాన్న పోయాడు. ఈ పాట కట్టింది మాత్రం లండన్‌లో, నిక్ కేవ్ అనే ఇంకో ఆస్ట్రేలియా గాయకుడి గిటార్ అడిగి తీసుకుని. అంత దూరం వెళ్తే గాని సొంత తోట కనపడలేదు అతనికి, నాకూ అంతే అయ్యింది.

1983లో వచ్చింది. కడప గారు మీరు వాయిస్తారు కాబట్టి చూడండి, చరణాలు మామూలు నాలుగు దెబ్బల లెక్కలో ఉండవు, అయిదు, రెండు, నాలుగు కలిపి పదకొండు. ఎక్కడో ఒక అడుగు తడబడినట్టు ఉంటుంది, గట్టు మీద నడుస్తూ కాలు జారి మళ్లీ నిలదొక్కుకున్నట్టు. మెక్‌లెనన్ 2006 మేలో పోయాడు, 48 ఏళ్లు. 2010లో బ్రిస్బేన్ నది మీద కొత్త వంతెన కట్టి దానికి గో బిట్వీన్ బ్రిడ్జ్ అని పేరు పెట్టారు. ఒక ఊరు తన వంతెనకి ఒక బ్యాండు పేరు పెట్టుకుంది!

—

కడప_కీబోర్డ్ | గురువారం, ఉదయం 5:10

పదకొండు లెక్క నిజమే. రాత్రి రెండు గంటలు కూర్చుని పట్టుకున్నా. చేతికి వచ్చింది గాని నోటితో పాడుతా వాయించడం ఇంకా రాలేదు.

—

రాత్రిషిఫ్ట్ | గురువారం, ఉదయం 5:35

ఇవాళ క్యాబ్‌లో క్యాటిల్ అండ్ కేన్ విన్నాను, తర్వాత ఎల్ తెసోరో, తర్వాత లాస్ లిగాస్. మస్తు తమ్ముడూ నువ్వన్నట్టే పక్కా నచ్చింది. డ్రైవరన్న ఎల్ తెసోరోకి మేడమ్ ఇది మళ్లీ పెట్టండి అన్నాడు, ఫోను కారు స్పీకరుకి కలిపాను. యాప్‌లో నా లిస్టు మొత్తం మారిపోయింది ఈ మూడు రోజుల్లో.

చెరకుతోట గారూ, మీ ఊళ్లో ఎవరికైనా వినిపించారా ఆ పాట?

—

చెరకుతోట | ఆదివారం, రాత్రి 9:20

మీరు అడిగారని ఈ వారం ఊరెళ్లినప్పుడు వినిపించాను. బాబాయి బెల్లం బట్టీ దగ్గర ఉన్నాడు, పెనంలో రసం మరుగుతుంది, కదలడానికి లేదు, పక్కన కూర్చుని ఫోను పెట్టాను. కాసేపు విని "ఏటంతన్నాడ్రా ఆడు?" అన్నాడు. చెప్పాను, బడి నుంచి చెరకు తోటలోంచి ఇంటికొస్తున్నాడు, రేకుల ఇల్లు, నాన్న లేడు అని. బాబాయి గరిటె ఆపకుండా "మనలాగే రేకులిల్లా" అన్నాడు. ఇంకేం అనలేదు. దిమ్మలు పోసేశాక చేతులు కడుక్కుని వచ్చి ఆ పాట మరోసారి పెట్టమన్నాడు.

—

రాత్రిషిఫ్ట్ | సోమవారం, ఉదయం 5:02

బాబాయి గారికి నా నమస్కారాలు చెప్పండి. ఫ్లయింగ్ నన్ వాళ్లది ఇంకోటి ఏదైనా ఉంటే ఆయన కోసం పంపిస్తాను, ఓటాగో తమ్ముడూ పొలాల మీద ఏదైనా ఉందా మీ దగ్గర?